పదవీ విరమణ నాటికి చేతిలో ఉండవలసిన ఆరోగ్య బీమా

మా నాన్నగారు 2013 జూన్ నెలాఖరున, యాభై ఎనిమిదేళ్ల వయసులో, ఒక ప్రైవేటు కర్మాగారం నుంచి పదవీ విరమణ చేశారు. ఆ రోజు ఆయన చేతికి ఇచ్చిన కవరులో భవిష్యనిధి కాగితాలు, గ్రాట్యుటీ లెక్క, సర్వీసు సర్టిఫికెట్టు ఉన్నాయి. ఎన్నో ఏళ్లుగా ఆయనకూ అమ్మకూ అండగా ఉన్న కంపెనీ ఆరోగ్య బీమా ఆ నెలతోనే ముగిసిపోతుందన్న మాట మాత్రం అందులోని ఏ కాగితం మీదా లేదు. మేమూ అడగలేదు. మరుసటి ఏడాది జనవరిలో అమ్మకు జ్వరం తగ్గక ఆసుపత్రిలో చేర్చినప్పుడు, బీమా కౌంటర్‌లో పాత కార్డు చూపించాను. అక్కడి అమ్మాయి కంప్యూటర్‌లో చూసి, "ఈ కార్డు చెల్లదండీ, పాలసీలో మీవాళ్ల పేర్లు లేవు" అంది. ఏడు నెలలుగా మా ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు ఏ బీమా లేకుండా ఉన్నారని నాకు తెలిసింది ఆ క్షణంలోనే.

అప్పటి బిల్లు పెద్దది కాదు, కట్టేశాము. మేము నిజంగా పోగొట్టుకున్నది మరొకటని ఆ తర్వాత నెమ్మదిగా అర్థమైంది. కంపెనీ తీసుకునే గ్రూపు పాలసీలో ఉన్న ఉద్యోగి, ఉద్యోగం నుంచి బయటికి వచ్చేటప్పుడు అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారవచ్చు. అలా మారితే గ్రూపు పాలసీలో గడిపిన సంవత్సరాలు కొత్త పాలసీ నిరీక్షణ కాలంలో, అంటే కొన్ని జబ్బులకు డబ్బు రావడానికి ఆగవలసిన గడువులో, లెక్కకు వస్తాయి. అయితే పాత రక్షణ ముగియకముందే, నిర్ణీత గడువులోగా అడగాలి. మేము అడగలేదు కనుక నాన్నగారి సంవత్సరాలన్నీ పోయాయి, అరవైకి రెండేళ్ల దూరంలో ఆయన మళ్లీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టవలసి వచ్చింది. పదవీ విరమణకు సిద్ధమవుతున్న ప్రతి ఒక్కరినీ నేను ముందుగా అడిగే ప్రశ్న ఇదే: మీ కంపెనీ బీమా ఏ తేదీతో ముగుస్తుంది, ఆ మర్నాడు మీ చేతిలో ఏముంటుంది?

ఆరోగ్య బీమా కొనేవాళ్లు సాధారణంగా రెండు అంకెలే చూస్తారు, ఎంత మొత్తానికి రక్షణ, ఎంత ప్రీమియం అని. పెద్ద వయసులో వీటికంటే ముందు చూడవలసింది నిరీక్షణ కాలం. పాలసీ మొదలైన తొలి ముప్పై రోజుల్లో ప్రమాదాలకు తప్ప మరే చికిత్సకూ డబ్బు రాదు. కంటి శుక్లాలు, హెర్నియా, మోకీలు మార్పిడి, ప్రోస్టేట్ వాపు వంటి కొన్ని చికిత్సలను విడిగా ఒక జాబితాలో పెట్టి, వాటికి చాలా సంస్థలు రెండేళ్లు ఆగమంటాయి. పాలసీ తీసుకునేనాటికే ఉన్న షుగరు, రక్తపోటు, గుండె జబ్బు వంటి వాటికి మూడో గడువు ఉంటుంది. ఒకప్పుడు అది నాలుగేళ్ల వరకూ ఉండేది. బీమా నియంత్రణ సంస్థ అయిన ఐఆర్‌డీఏఐ 2024 ఏప్రిల్ నుంచి దానిని గరిష్ఠంగా 36 నెలలకు తగ్గించింది, సంస్థలు కావాలంటే ఇంకా తగ్గించవచ్చు. అరవై ఐదేళ్ల మనిషికి రాబోయే ఖర్చుల్లో ఎక్కువ భాగం సరిగ్గా ఈ రెండు జాబితాల్లోనివే. అంటే పెద్ద వయసులో కొన్న పాలసీ, అవసరం ఎక్కువగా ఉండే తొలి రెండు మూడేళ్లలో చాలా తక్కువ పనికొస్తుంది. నలభై అయిదు, యాభై ఏళ్ల మధ్య కొన్నవారికి ఈ గడువులన్నీ ఉద్యోగంలో ఉండగానే, పెద్దగా అవసరం పడని రోజుల్లోనే తీరిపోతాయి. ఆఫీసు బీమా ఉంది కదా, ఇప్పుడు ఇంకొకటి ఎందుకు అనే ప్రశ్నకు నా జవాబు ఇదొక్కటే. ఆ రెండో పాలసీ మీద ఇప్పుడు కట్టే ప్రీమియం, పదవీ విరమణ తర్వాత అడ్డం వచ్చే నిరీక్షణను ముందే తీర్చేస్తుంది.

2014 ఫిబ్రవరిలో నాన్నగారి కోసం పాలసీ తీసుకున్నప్పటి సంగతి ఒకటి చెప్పాలి. ఏజెంటు మా ఇంటికి వచ్చి ప్రపోజల్ ఫారం నింపుతున్నాడు. మధుమేహం ఉందా అన్న గడి దగ్గరికి వచ్చేసరికి పెన్సిలుతో "లేదు" వైపు చుక్క పెట్టి, "ఇవన్నీ రాస్తే ప్రీమియం పెరుగుతుందండీ, ఒక్కోసారి పాలసీయే ఇవ్వరు, ఎవరూ రాయరు" అన్నాడు. నాకు ఆ మాట సబబుగానే తోచింది, ఆ సంగతి ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంటుంది. నాన్నగారు కళ్లజోడు పెట్టుకుని ఫారం తన ముందుకు లాక్కున్నారు. "ఉన్న జబ్బును లేదని రాసి, రేపు ఆసుపత్రిలో ఎవరికి చెప్పుకుంటామమ్మా?" అని నాతో అని, చుక్కను రబ్బరుతో చెరిపి, "2009 నుంచి ఉంది, రోజూ మాత్రలు వాడుతున్నాను" అని తన సిరా పెన్నుతో రాశారు. సంస్థ రక్త పరీక్షలు చేయించి, ప్రీమియం కొంత పెంచి, పాలసీ ఇచ్చింది.

ఎనిమిదేళ్ల తర్వాత, 2022లో ఆయనకు ప్రోస్టేట్ శస్త్రచికిత్స జరిగినప్పుడు ఆ ఒక్క వాక్యం విలువ తెలిసింది. ఆసుపత్రిలో చేర్చిన రోజు డ్యూటీ డాక్టరు అడిగే ప్రశ్నలకు మనం చెప్పే జవాబులన్నీ కేసు షీటులోకి ఎక్కుతాయి. "పదమూడేళ్లుగా షుగరు" అని అక్కడ రాశారు. క్లెయిమ్ పరిశీలించేవాళ్లు మొదట చేసే పని ఆ కేసు షీటును పాత ప్రపోజల్ ఫారంతో పోల్చి చూడడం. రెండు చోట్లా 2009 అనే తేలింది కనుక ఆ ప్రశ్న అక్కడితో ఆగింది. దాచిపెట్టిన జబ్బు బయటపడితే ఆ ఒక్క క్లెయిమే కాదు, పాలసీ మొత్తం రద్దయ్యే ప్రమాదం ఉంటుంది. వరుసగా ఐదేళ్లు పాలసీ నడిచాక, రుజువైన మోసం తప్ప వేరే కారణంతో సమాచారం దాచారని చెప్పి క్లెయిమ్‌ను తిరస్కరించకూడదని ఇప్పటి నిబంధన. ఆ గడువు అంతకుముందు ఎనిమిదేళ్లుగా ఉండేది. ఇది పాలసీదారుకు మంచి రక్షణే అయినా, దీనిని నమ్ముకుని గడి ఖాళీగా వదిలేయమని నేను ఎవరికీ చెప్పను, ఎందుకంటే ఆ ఐదేళ్లలోపే ఆసుపత్రి అవసరం రాదని హామీ ఇవ్వగలవారు లేరు. ఏజెంటు నింపిన ఫారమే అయినా సంతకం మనది, జవాబుదారీ మనదే. పాలసీ పత్రంతో పాటు ఆ ఫారం నకలు కూడా వస్తుంది. అందులో తప్పు కనిపిస్తే వెంటనే రాతపూర్వకంగా సరిదిద్దించుకోవాలి. అసలు పాలసీయే నచ్చకపోతే, అందిన 30 రోజుల్లోగా వెనక్కి ఇచ్చే వీలు ఉంది.

అరవై ఐదు దాటితే కొత్త పాలసీ ఇవ్వరన్న మాట ఇప్పటికీ చాలామంది నోట వింటున్నాను. 2024 ఏప్రిల్‌కు ముందు నిబంధన ప్రకారం సంస్థలు 65 ఏళ్ల వరకు ప్రవేశం ఇస్తే సరిపోయేది, కనుక చాలావరకు అక్కడే తలుపు మూసేసేవి. ఇప్పుడు ఆ వయోపరిమితి తీసేశారు, అన్ని వయసులవారికీ పనికొచ్చే పాలసీలు సంస్థలు అందుబాటులో ఉంచాలి. దీనిని సరిగ్గా అర్థం చేసుకోవాలి. డెబ్బై రెండేళ్ల మనిషి దరఖాస్తు చేయవచ్చు. ఆయన దరఖాస్తును తప్పనిసరిగా అంగీకరించాలని మాత్రం ఆ నిబంధన చెప్పడం లేదు. వైద్య పరీక్షలు ఉంటాయి, ప్రీమియం మీద అదనపు భారం వేయవచ్చు, కొన్ని జబ్బులు ఉంటే కుదరదనీ అనవచ్చు. ప్రీమియం విషయంలో ఈ మధ్య రెండు మేళ్లు జరిగాయి. అరవై దాటిన పాలసీదారుల ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే ముందుగా తమతో సంప్రదించాలని 2025 జనవరిలో ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద ఉన్న 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి పూర్తిగా ఎత్తివేశారు. పింఛను మీద బతికేవారికి ఇది చిన్న ఊరట కాదు. పాత పన్ను విధానంలో ఉన్నవారికి, అరవై దాటినవారి ప్రీమియం మీద 50,000 రూపాయల వరకు మినహాయింపు కూడా ఉంది. తల్లిదండ్రుల తరఫున పిల్లలు కడితే పిల్లలకే ఆ మినహాయింపు వస్తుంది.

ఏదైనా కొనే ముందు, ఇప్పటికే మనకు హక్కుగా ఏమున్నదో చూసుకోవడం అవసరం. ఆ హక్కు ఉందన్న సంగతి తెలియక ప్రైవేటు ప్రీమియాలు కడుతున్న కుటుంబాలు నాకు తెలిసినవే మూడు ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులకు కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకమైన సీజీహెచ్‌ఎస్ ఉంది. పదేళ్ల చందాను ఒకేసారి చెల్లిస్తే జీవితాంతం కార్డు వస్తుంది, పాత జబ్బు కొత్త జబ్బు అన్న తేడా ఉండదు. మాజీ సైనికులకు 2003 నుంచి వారి ఆరోగ్య పథకమైన ఈసీహెచ్‌ఎస్ ఉంది. రైల్వేలో పనిచేసి రిటైరైనవారికి రైల్వే ఆసుపత్రుల వైద్య పథకం ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగులకూ పింఛనుదారులకూ ఉద్యోగుల ఆరోగ్య పథకం ఉంది. ఇవి అందుబాటులో ఉన్నవారు వాటి కాగితాలను పదవీ విరమణ నెలలోనే పూర్తి చేసుకుని, ఏ ఆసుపత్రులు జాబితాలో ఉన్నాయో, ఎక్కడ ముందు రిఫరల్ కావాలో తెలుసుకుంటే సగం పని అయినట్టే.

వీటిలో అన్నిటికంటే ఎక్కువగా మరుగున పడిపోయినది ఈఎస్ఐ, అంటే కార్మిక రాజ్య బీమా, సదుపాయం. ఈఎస్ఐ వర్తించే ఉద్యోగంలో కనీసం ఐదేళ్లు పనిచేసి, వయసు నిండి రిటైరైన కార్మికుడు ఏడాదికి 120 రూపాయలు ముందుగా కడితే, తనకూ జీవిత భాగస్వామికీ ఈఎస్ఐ వైద్యం కొనసాగుతుంది. నెలకు పది రూపాయలన్న మాట! మా నాన్నగారి జీతం ఈఎస్ఐ జీతపు పరిమితి దాటిపోవడంతో ఆయనకు ఇది వర్తించలేదు కానీ, ఆయన దగ్గర పనిచేసిన ఇద్దరు కార్మికులు రిటైరైన నాలుగేళ్ల తర్వాత నేను చెబితేనే ఈ సంగతి తెలుసుకున్నారు. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజే ఎవరైనా ఒక కాగితం మీద రాసి ఇచ్చి ఉంటే ఆ నాలుగేళ్ల మందుల ఖర్చు వాళ్లకు మిగిలేది.

డెబ్బై నిండినవారికి ఇప్పుడు మరో దారి తెరుచుకుంది. 2018లో పేద కుటుంబాల కోసం మొదలైన ఆయుష్మాన్ భారత్ పథకాన్ని, 2024 అక్టోబరు 29 నుంచి, ఆదాయంతో సంబంధం లేకుండా 70 ఏళ్లు నిండిన అందరికీ విస్తరించారు. దీని కింద ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తారు. కుటుంబంలోని డెబ్బై దాటినవారందరికీ కలిపి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు, జాబితాలోని ఆసుపత్రుల్లో ఉచిత చికిత్స అందుతుంది. ఆ కుటుంబం ముందు నుంచే పథకంలో ఉంటే, ఇంట్లోని మిగతావారితో పంచుకోనక్కర లేకుండా పెద్దవారికి ఈ 5 లక్షలు అదనం. వయసుకు ఆధార్‌లోని పుట్టిన తేదీయే ప్రమాణం, కనుక ఆధార్‌లో ఏడాది తప్పు పడినవారు ముందుగా దానిని సరిచేయించుకోవాలి. ప్రైవేటు బీమా ఉన్నా, ఈఎస్ఐ ఉన్నా ఈ కార్డు తీసుకోవచ్చు. సీజీహెచ్‌ఎస్, ఈసీహెచ్‌ఎస్ ఉన్నవారు మాత్రం రెండింటిలో ఒకదాన్నే ఎంచుకోవాలి. నాన్నగారికి 2025లో డెబ్బై నిండగానే ఈ కార్డు తీసుకున్నాము. ఇందులో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి, నిరీక్షణ కాలం అసలు లేకపోవడం. మొదటి రోజు నుంచే పాత జబ్బులకూ వర్తిస్తుంది. అయినా ఇది ఆసుపత్రిలో చేర్చుకుని చేసే చికిత్సలకు ఉద్దేశించినది, పథకంలో చేరిన ఆసుపత్రులకే పరిమితం. మనకు అలవాటైన డాక్టరు ఉన్న ఆసుపత్రి ఆ జాబితాలో ఉందో లేదో, మనకు కావలసిన విభాగానికి అక్కడ గుర్తింపు ఉందో లేదో ముందుగా కనుక్కోవాలి. అందుకే ఆయన పాత పాలసీని మేము ఆపలేదు. పదేళ్లు దాటి నడిచిన పాలసీని, ఉచిత కార్డు వచ్చింది కదా అని వదిలేస్తే, తిరిగి అదే స్థితికి రావడం ఆ వయసులో సాధ్యం కాదు.

ఇక పాలసీ చేతిలో ఉన్నా బిల్లు మొత్తం ఎందుకు రాదో చెబుతాను. 2022 నాటి డిస్చార్జ్ కాగితం నా దగ్గర ఇప్పటికీ ఉంది. మొత్తం బిల్లు 2,40,000 రూపాయలు. పాలసీ 5 లక్షలది. సగం కూడా కాలేదు కదా, పూర్తిగా వస్తుందనుకున్నాము. పాలసీలో గది అద్దె పరిమితి బీమా మొత్తంలో ఒక శాతం, అంటే రోజుకు 5,000 రూపాయలు. ఆసుపత్రిలో ఆ ధర గదులు ఖాళీ లేవని 8,000 రూపాయల గదిలో ఐదు రోజులు ఉంచారు. గది తేడా రోజుకు మూడు వేలు, ఐదు రోజులకు పదిహేను వేలు మనం పెట్టుకుంటే సరిపోతుందని నేను మనసులో లెక్క వేసుకున్నాను. నా లెక్క తప్పు. గది పరిమితి దాటితే, శస్త్రచికిత్స చేసిన డాక్టరు ఫీజు, మత్తు డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటరు, నర్సింగు ఛార్జీలు అన్నింటినీ అదే నిష్పత్తిలో కోస్తారు. దీనినే దామాషా కోత అంటారు. ఆసుపత్రులు ఖరీదైన గదిలో ఉన్నవారికి ఇవే సేవలకు ఎక్కువ వసూలు చేస్తాయన్నది ఈ కోత వెనుక ఉన్న కారణం.

మా కాగితం మీద లెక్క ఇలా సాగింది. గదికి అయిన 40,000లో 25,000 మాత్రమే ఒప్పుకున్నారు. డాక్టర్ల ఫీజులూ థియేటరూ కలిపి 1,20,000 అయితే, ఎనిమిదింట ఐదు వంతుల చొప్పున 75,000 ఇచ్చారు. మందులు, పరీక్షలకు అయిన 72,000కు కోత లేదు, ఎందుకంటే మందులు, పరికరాలు, పరీక్షల మీద దామాషా కోత వేయకూడదని నిబంధన ఉంది. చేతి తొడుగులు, మాస్కులు, ఇతర సామగ్రి, రిజిస్ట్రేషను వంటి వాటికి అయిన 8,000 అసలు లెక్కలోకే రాలేదు. ఇవి పోగా మిగిలింది 1,72,000. దాని మీద 20 శాతం కో-పే, అంటే ప్రతి క్లెయిమ్‌లో మనం భరించవలసిన వాటా, 34,400. ప్రీమియం తక్కువని ఎనిమిదేళ్ల కిందట మేమే ఏరికోరి తీసుకున్న షరతు అది. చివరికి బీమా సంస్థ చెల్లించినది 1,37,600, మేము కట్టినది 1,02,400. ఇందులో ఎవరూ మమ్మల్ని మోసం చేయలేదు. ప్రతి కోతా పాలసీ పత్రంలో రాసే ఉంది, చదవనిది మేము. ఐదు వేల గది కోసం ఇంకో పూట వేచి ఉన్నా, మొదట్లోనే గది పరిమితి లేని పాలసీకి కొంచెం ఎక్కువ కట్టి ఉన్నా, ఆ లక్షలో దాదాపు సగం మిగిలేది.

ఆ రోజు ఉదయం పదకొండింటికి డాక్టరు ఇంటికి వెళ్లవచ్చన్నారు. బీమా అనుమతి వచ్చేసరికి రాత్రి ఏడున్నర అయింది, నాన్నగారు బట్టలు మార్చుకుని మంచం అంచున కూర్చునే ఉన్నారు. ఇప్పుడు నిబంధన మారింది. క్యాష్‌లెస్ (బిల్లును బీమా సంస్థే నేరుగా ఆసుపత్రికి కట్టే పద్ధతి) కోసం అడిగిన గంటలోగా మొదటి నిర్ణయం, డిస్చార్జ్ వివరాలు అందిన మూడు గంటల్లోగా తుది అనుమతి ఇవ్వాలి. ఆలస్యం వల్ల ఆసుపత్రి అదనంగా వసూలు చేస్తే అది బీమా సంస్థే భరించాలి. 2024 మే నెలలో వచ్చిన ఈ ఆదేశాన్ని ఫోనులో దాచుకుని ఉంచుకోండి, కౌంటర్ దగ్గర పనికొస్తుంది.

భార్యాభర్తలిద్దరినీ ఒకే ఫ్యామిలీ ఫ్లోటరులో పెట్టాలా, విడివిడిగా తీసుకోవాలా అని చాలామంది అడుగుతారు. ఫ్లోటరులో ప్రీమియం పెద్దవారి వయసును బట్టి లెక్కిస్తారు, బీమా మొత్తాన్ని ఇద్దరూ పంచుకోవాలి. అరవై దాటాక ఒకే ఏడాది ఇద్దరికీ ఆసుపత్రి అవసరం పడడం అరుదేమీ కాదు, అందుకని విడి పాలసీలే మేలని నా అభిప్రాయం. పెళ్లీడు పిల్లలు తమ ఫ్లోటరులో తల్లిదండ్రులను కలపడం మాత్రం దాదాపు ఎప్పుడూ నష్టమే.

పెద్ద మొత్తానికి ప్రీమియం భరించలేనివారికి సూపర్ టాపప్ మంచి మార్గం. ఇందులో ఒక పరిమితి దాటిన ఖర్చునే సంస్థ భరిస్తుంది, అందుకే ప్రీమియం తక్కువ. టాపప్‌కూ సూపర్ టాపప్‌కూ ఉన్న తేడాను గమనించకుండా కొంటే మాత్రం చిక్కే. పరిమితి 5 లక్షలనుకోండి. ఒకే ఏడాదిలో రెండుసార్లు ఆసుపత్రిలో చేరి, ఒక్కోసారి 4 లక్షలు ఖర్చయింది. టాపప్ ప్రతి చేరికనూ విడిగా చూస్తుంది కనుక ఏ బిల్లూ 5 లక్షలు దాటలేదని పైసా ఇవ్వదు. సూపర్ టాపప్ ఏడాది ఖర్చంతా కలిపి చూసి, 8 లక్షల్లో 5 పోగా మిగిలిన 3 లక్షలు ఇస్తుంది. కింది 5 లక్షలకు పాత పాలసీ గానీ పొదుపు గానీ ఉండాలి. ఏ పాలసీని నమ్మాలో తేల్చుకోలేనివారికి ఆరోగ్య సంజీవని ఒక కొలబద్దగా పనికొస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి అన్ని సంస్థలూ ఒకే షరతులతో అమ్ముతున్న పాలసీ ఇది. కో-పే 5 శాతమే గానీ గది అద్దె పరిమితి రోజుకు 5,000 దాటదు, శుక్లాల శస్త్రచికిత్సకు కంటికి 40,000కు మించి రాదు. వేరే పాలసీ చూపించినప్పుడు ఈ మూడు అంశాల్లో దీనికంటే ఎక్కడ మెరుగు, ఎక్కడ తక్కువ అని అడిగితే ఏజెంటు చెప్పే జవాబులోనే చాలా సంగతులు తెలుస్తాయి.

బీమా తీర్చలేని ఖర్చులూ ఉన్నాయి, వృద్ధాప్యంలో అవే ఎక్కువ కాలం సాగుతాయి. నెలనెలా మందులు, డాక్టరు సంప్రదింపులు, ఇంట్లో చేసుకునే రక్త పరీక్షలు సాధారణ పాలసీలోకి రావు. మంచాన పడిన మనిషిని ఇంట్లో చూసుకునే ఆయాకు ఇచ్చే జీతం, మతిమరుపు జబ్బు ఉన్నవారి రోజువారీ సంరక్షణ, కళ్లజోడు, వినికిడి పరికరం, ఇవేవీ దాదాపు ఏ పాలసీలోనూ ఉండవు. డయాలిసిస్, కీమోథెరపీ, శుక్లాల శస్త్రచికిత్స వంటివి 24 గంటలు ఆసుపత్రిలో ఉండకపోయినా డే కేర్ కింద చెల్లుతాయి. తీవ్రవ్యాధుల పాలసీ వేరే తరహాది, అది జబ్బు నిర్ధారణ కాగానే ఒక మొత్తం చేతికిస్తుంది గానీ ఆసుపత్రి బిల్లుకు బదులు కాదు. మా ఇంట్లో వీటి కోసం అమ్మ పేరున ఒక డిపాజిట్టు విడిగా పెట్టాము, దానిని ఇలాంటి ఖర్చులకు తప్ప ముట్టుకోము. ప్రీమియం ఎంత అని ఆలోచించేటప్పుడే ఈ మొత్తాన్నీ కలిపి ఆలోచించాలి, ఉన్నదంతా ప్రీమియానికే పెట్టి మందులకు అప్పు చేసే స్థితి రాకూడదు.

సంస్థ పనితీరు నచ్చకపోతే మారవచ్చు, అయితే రెన్యూవల్ తేదీకి కనీసం 45 రోజుల ముందే పోర్టబిలిటీకి దరఖాస్తు చేయాలి. కొత్త సంస్థ ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు, కనుక దాని అంగీకారం రాతలో వచ్చేవరకు పాత పాలసీని జారవిడవకూడదు. క్లెయిములు ఎక్కువ చేశారన్న కారణంతో రెన్యూవల్ నిరాకరించే హక్కు ఏ సంస్థకూ లేదు. క్లెయిమ్ తిరస్కరిస్తే, ఏ షరతు కింద తిరస్కరించారో రాతపూర్వకంగా అడగాలి. సంస్థ జవాబు సంతృప్తికరంగా లేకపోయినా, నెల రోజుల్లో రాకపోయినా, ఇలాంటి వివాదాలు తీర్చే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. రుసుము లేదు, వకీలు అక్కర లేదు, 50 లక్షల రూపాయల వరకు వివాదాలు వింటారు. తిరస్కరించిన ఏడాదిలోగా వెళ్లాలి. పెద్దవాళ్లు ఒక్క తిరస్కరణ ఉత్తరంతో నిరుత్సాహపడి ఊరుకోవడం నేను చూశాను. వారి తరఫున ఆ కాగితాలు రాయవలసింది పిల్లలమే.

నాన్నగారు ఇప్పుడు ఒక నీలం ఫైలు పెట్టుకున్నారు. మొదటి పేజీలో పాలసీ నంబరు, రెన్యూవల్ తేదీ, గది పరిమితి, టీపీఏ (బీమా సంస్థ తరఫున క్లెయిములు చూసే సంస్థ) ఫోను నంబరు పెద్ద అక్షరాలతో రాసి ఉంటాయి. రెండో పేజీలో వయ వందన కార్డు నకలు, ఆ పథకంలో ఉన్న దగ్గరి ఆసుపత్రుల పేర్లు. మూడో పేజీలో తానూ అమ్మా వాడుతున్న మందుల జాబితా, ఏ జబ్బు ఏ సంవత్సరం నుంచి ఉందో ప్రపోజల్ ఫారంలో రాసినట్టుగానే. ఫైలు ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలుసు. నా ఆఫీసు బీమా నాతో పాటే రిటైరవుతుంది కనుక, నలభై అయిదేళ్లు నిండగానే నేనూ సొంతంగా ఒక పాలసీ తీసుకున్నాను. గది పరిమితి లేనిది, కో-పే లేనిది. ఫారంలో థైరాయిడ్ గడి దగ్గర సంవత్సరంతో సహా రాశాను. వచ్చే మార్చితో దానికి 36 నెలలు నిండుతాయి.